24 వేల జీతానికి బెంగళూరులో టీచరుగా చేరవచ్చా?

మదనపల్లెలో ఉండే మా అక్క కూతురు ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి, బీఎడ్ కూడా పూర్తి చేసింది. మొన్న ఒక రాత్రి ఫోన్ చేసి, "చిన్నమ్మా, బెంగళూరులో ఒక సీబీఎస్ఈ స్కూల్లో సెలెక్ట్ అయ్యాను. నెలకు 24 వేలు అంటున్నారు. చేరమంటావా?" అని అడిగింది. వెనక నుంచి మా బావ మాట వినపడుతూనే ఉంది: "బతకలేక బడిపంతులు అని ఊరికే అన్నారా? 24 వేలకు బెంగళూరు దాకా పోవాల్నా?"

నేను బెంగళూరులో ఒక ప్రైవేట్ స్కూల్లో 2012 నుంచి 2023 దాకా లెక్కలు చెప్పాను. అన్నేళ్ళు అదే పని చేసి కూడా ఆ పిల్లకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. "రెండు రోజులు ఆగమ్మా, లెక్క వేసి చెప్తా" అన్నాను. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

ఈ మధ్య ఈ విషయం మీద గందరగోళం ఎక్కువైంది. కేంద్రం 2025 నవంబర్‌లో 8వ వేతన సంఘాన్ని ఏర్పాటు చేసినప్పటి నుంచి "టీచర్లకు లక్ష జీతం" అనే మాట వాట్సాప్‌లో తిరుగుతోంది. అదే రోజు అదే గ్రూపులో పది వేలకు పనిచేసే ప్రైవేట్ టీచర్ గోడు కూడా వస్తుంది. రెండూ అబద్ధం కావు. ఇద్దరూ వేరువేరు ఉద్యోగాల గురించి మాట్లాడుతున్నారు, అంతే.

ఒకే పేరు, ఏడు రకాల ఉద్యోగాలు

బెంగళూరులో టీచర్ అంటే ఎవరు? ముందు కేంద్రీయ విద్యాలయం తీసుకుందాం. అక్కడ హైస్కూల్ స్థాయి టీచర్‌ను టీజీటీ అంటారు. మూల వేతనం, అంటే బేసిక్, 44,900. దాని మీద ధరల పెరుగుదలకు ఇచ్చే డీఏ 2025 జూలై లెక్కన 58 శాతం, అంటే 26,042. బెంగళూరు పెద్ద నగరాల జాబితాలో ఉంది కాబట్టి ఇంటి అద్దె భత్యం 30 శాతం, 13,470. ప్రయాణ భత్యం, దాని మీద డీఏ కలిపి 5,688. మొత్తం 90,100. పింఛను ఖాతాకు, అంటే ఎన్‌పీఎస్‌కు, ఏడు వేల చిల్లర పోయినా చేతికి 80 వేలు దాటి వస్తుంది. ఇది చేరిన మొదటి నెల జీతం.

తర్వాత కర్ణాటక ప్రభుత్వ బడి. రాష్ట్ర 7వ వేతన సంఘం సిఫారసులు 2024 ఆగస్టు 1 నుంచి అమలయ్యాయి. ఉద్యోగుల కనీస బేసిక్ 17,000 నుంచి 27,000కు పెరిగింది. టీచర్ల స్కేలు సహజంగానే దీనికన్నా చాలా పైన ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే డీఎస్సీ ద్వారా వచ్చే సెకండరీ గ్రేడ్ టీచర్ బేసిక్ 32,670తో, స్కూల్ అసిస్టెంట్ బేసిక్ 44,570తో మొదలవుతుంది.

అదే ప్రభుత్వ బడిలో, పక్క గదిలో, అతిథి ఉపాధ్యాయుడు కూడా ఉంటాడు. ఖాళీ పోస్టుల్లో ఏడాది లెక్కన తీసుకునే మనిషి. కర్ణాటకలో ప్రైమరీ అతిథి ఉపాధ్యాయుడి గౌరవ వేతనం 10,000 ఉండేది. 2025-26 బడ్జెట్‌లో 2,000 పెంచుతున్నట్టు ప్రకటించారు. పాఠ్యపుస్తకం అదే, పిల్లలూ వాళ్ళే. జీతం మాత్రం పక్క గదిలో ఉన్నాయన జీతంలో మూడో వంతు కూడా రాదు.

ఇక ప్రైవేట్ బడులు. కేఆర్ పురం, హొరమావు సందుల్లో ఉండే చిన్న బడుల్లో 10 నుంచి 15 వేలు. మధ్య తరగతి పిల్లలు చదివే సీబీఎస్ఈ స్కూళ్ళలో 22 నుంచి 35 వేలు. మా అక్క కూతురికి వచ్చింది ఈ రకం. వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు ఇంటర్నేషనల్ స్కూళ్ళలో 60 వేలు, ఆపైన కూడా ఉంటుంది కానీ ఐబీ, కేంబ్రిడ్జ్ సిలబస్‌లో అనుభవం అడుగుతారు. ఏడో రకం ఎడ్‌టెక్, అంటే ఆన్‌లైన్‌లో చదువు చెప్పే కంపెనీలు. కరోనా కాలంలో ఆన్‌లైన్ క్లాసులకు బాగా ఇచ్చారు, చాలామంది స్కూళ్ళు వదిలి వెళ్ళారు. బెంగళూరులోనే పుట్టిన బైజూస్ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. దానికి చాలా ముందే ఆ రంగంలో ఉద్యోగాలు ఊడడం మొదలైంది.

కాబట్టి "టీచర్ పని చేయవచ్చా" అన్న ప్రశ్నకు ముందు "ఈ ఏడింటిలో ఏది" అన్నది తేలాలి.

ఆఫర్ లెటర్‌లో 24 వేలు, చేతికి ఎంత

మా అక్క కూతురు పంపిన ఆఫర్ లెటర్ ఒకటిన్నర పేజీ. 24,000 అని ఒకచోట ఉంది కానీ అది మొత్తం జీతమా, సీటీసీయా (అంటే పీఎఫ్ వాటాతో సహా స్కూలుకు అయ్యే మొత్తం ఖర్చా) అని లేదు. ఈ తేడా చిన్నది కాదు.

పీఎఫ్ 12 శాతం. చాలా స్కూళ్ళు చట్టం చెప్పిన 15,000 పరిమితి మీదే లెక్క కడతాయి, అంటే 1,800. స్కూలు కూడా అంతే వేయాలి. 24,000 జీతం అయితే 1,800 పోను 22,200 చేతికొస్తుంది. అదే 24,000 సీటీసీ అయితే స్కూలు వేయాల్సిన 1,800 కూడా అందులోంచే తీస్తారు, చేతికి 20,400 వస్తుంది. కర్ణాటకలో 25,000 లోపు జీతానికి వృత్తి పన్ను లేదు, అది ఒక ఊరట. కానీ ఈఎస్ఐ వైద్యం 21,000 లోపు జీతానికే. అంటే ఈ పిల్లకు ఈఎస్ఐ రాదు, స్కూలు ఆరోగ్య బీమా ఇవ్వదు. సరిగ్గా మధ్యలో పడింది.

ఖర్చు చూద్దాం. భోజనంతో పీజీ హాస్టల్ 9,500 అనుకుందాం. బస్సు సంగతి అడిగితే "అక్కడ ఆడవాళ్ళకు ఫ్రీ కదా చిన్నమ్మా" అంది. శక్తి పథకం 2023 జూన్ నుంచి ఉన్న మాట నిజమే, కానీ అది కర్ణాటక చిరునామా ఉన్న ఆడవాళ్ళకు. మదనపల్లె ఆధార్‌తో ఎక్కితే టికెట్ కొనాల్సిందే. ఆధార్ మారేదాకా నెల పాస్‌కు 1,200. 22,200లో ఇవి పోతే 11,500 మిగులుతుంది. ఫోను, మందులు, బట్టలు, నెలకోసారి ఊరికి వెళ్ళి రావడం అన్నీ కలిపి 4,000 వేసుకుంటే 7,500.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కొన్ని స్కూళ్ళు పన్నెండు నెలల జీతం ఇవ్వవు. ఏప్రిల్ చివర ఒప్పందం ముగించి జూన్‌లో మళ్ళీ రాయించుకుంటాయి. పదకొండు నెలల జీతాన్ని పన్నెండుకు పరిస్తే నెలకు 20,350 అవుతుంది, మిగులు 5,650కి పడిపోతుంది. ఊళ్ళో బీఎడ్ అప్పు కడుతున్నా, తమ్ముడి ఫీజుకు పంపాల్సి వచ్చినా అంతటితో సరి. పీజీ వదిలి సొంతంగా ఇల్లు తీసుకోవాలంటే ఇక్కడ అడ్వాన్సే అయిదారు నెలల అద్దె అడుగుతారు. ఈ జీతం మీద ఆ మొత్తం కూడబెట్టడానికి ఏడాది పైన పడుతుంది.

గంటకు ఎంత పడుతుంది

"మధ్యాహ్నం మూడింటికే అయిపోతుంది, రెండు నెలలు సెలవులు, ఇంకేం కావాలి?" అని అనేవాళ్ళు ఉంటారు. కోపంతో కాదు, చూసింది అంతే కాబట్టి అంటారు.

నేను వారానికి 30 పీరియడ్లు చెప్పేదాన్ని. ఒక్కోటి 40 నిమిషాలు, అంటే 20 గంటలు. బయటికి కనిపించేది ఇదే. నాకు నాలుగు సెక్షన్లు, ఒక్కో సెక్షన్‌లో 38 మంది, మొత్తం 152 నోటు పుస్తకాలు. ఒక్కో పుస్తకానికి మూడు నిమిషాలు పెడితే ఒక విడతకు ఏడున్నర గంటలు. యూనిట్ టెస్ట్ పేపర్లయితే ఒక్కోటి ఆరు నిమిషాలు, 15 గంటలు. స్కూల్లో ఖాళీ పీరియడ్‌లో కూర్చుంటే సబ్‌స్టిట్యూషన్ స్లిప్ వస్తుంది, రాని టీచర్ క్లాసుకు వెళ్ళాలి. అందుకే పుస్తకాలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేదాన్ని. రాత్రి పది గంటలకు డైనింగ్ టేబుల్ మీద ఒక పక్క దిద్దినవి, ఒక పక్క దిద్దనివి. ఎర్ర పెన్ను రీఫిల్ పది రోజులకొకటి అయిపోయేది. కుడి చెయ్యి చూపుడు వేలి పక్కన ఇప్పటికీ గట్టిపడిన మచ్చ ఉంది.

స్కూల్లో 44 గంటలు, ఇంట్లో ఆరు అనుకుంటే వారానికి 50, నెలకు సుమారు 215. 24,000ను దాంతో భాగిస్తే గంటకు 111 రూపాయలు. మా అపార్ట్‌మెంట్‌లోనే లెక్కల ట్యూషన్‌కు గంటకు 400 తీసుకునేవాళ్ళున్నారు. అయితే విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం బడి టీచర్లు ప్రైవేట్ ట్యూషన్ చెప్పకూడదు. చాలామంది చెప్తారు, చాలా స్కూళ్ళు చూసీ చూడనట్టు ఉంటాయి. కానీ అది ఎప్పుడైనా నెత్తిన పడగల విషయమే.

ప్రభుత్వ టీచర్ల గంటలు తక్కువేం కాదు, వేరే రకం. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సాయం పనులకు వాళ్ళను పంపవచ్చని అదే చట్టం చెప్తుంది. 2025లో కర్ణాటకలో సామాజిక, విద్యా సర్వే కోసం టీచర్లను ఇంటింటికీ పంపారు. అది పూర్తి కావడానికి ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల దసరా సెలవులను అక్టోబర్ 18 దాకా పొడిగించారు. పోయిన పాఠాలు తర్వాత ఎవరు పూర్తి చేస్తారు? మళ్ళీ ఆ టీచర్లే.

ఫీజు అంత ఉంటే జీతం ఇంతేనా

తల్లిదండ్రులు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇది. ఒక ఉదాహరణ వేద్దాం, అంకెలు అర్థం కావడానికి మాత్రమే. ఏడాదికి 80,000 ఫీజు, సెక్షన్‌లో 40 మంది. ఒక సెక్షన్ నుంచి 32 లక్షలు. సీబీఎస్ఈ నిబంధన సెక్షన్‌కు ఒకటిన్నర మంది టీచర్లు ఉండాలంటుంది. 24,000 చొప్పున ఒకటిన్నర మందికి ఏడాది జీతం 4,32,000. వచ్చిన ఫీజులో పదమూడున్నర శాతం.

ఇప్పుడు సందులో ఉన్న చిన్న బడి. ఫీజు 25,000, పిల్లలు 30 మంది. సెక్షన్‌కు 7.5 లక్షలు. టీచర్‌కు 12,000 ఇస్తే ఒకటిన్నర మందికి ఏడాదికి 2,16,000, దాదాపు 29 శాతం. ఇక్కడ జీతం రెట్టింపు చేస్తే ఫీజులో సగానికి పైన టీచర్లకే పోతుంది, ఆయాకూ కరెంటుకూ అద్దెకూ మిగిలేది కష్టం. అందుకే రెండు బడులనూ ఒకే గాటన కట్టి "దోచుకుంటున్నారు" అనడం సరి కాదు. చిన్న బడిలో జీతం తక్కువ కావడానికి కారణం ఫీజు తక్కువ కావడం. పెద్ద బడిలో కారణం వేరు.

పెద్ద బడి డబ్బు ఎక్కడికి పోతుంది? ముఖ్యంగా భూమికి. బెంగళూరులో ఎకరం స్థలం ధర అందరికీ తెలుసు. చాలాచోట్ల బడి ట్రస్టు పేరున, భవనం మరొకరి పేరున ఉంటుంది. ట్రస్టు వాళ్ళకు అద్దె కడుతుంది. కర్ణాటక మీదే వచ్చిన టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లో, విద్య లాభాపేక్షతో నడపకూడదు గానీ అభివృద్ధికి తగినంత మిగులు ఉండవచ్చని చెప్పింది. ఆ "తగినంత" ఎంత అన్నదే ఇప్పటికీ నలుగుతున్న విషయం. ఢిల్లీలో 1973 నాటి చట్టం గుర్తింపు పొందిన ప్రైవేట్ బడులు కూడా ప్రభుత్వ టీచర్లతో సమానంగా జీతం ఇవ్వాలంటుంది. అక్కడా అమలు అన్ని బడుల్లో ఒకేలా లేదు, కానీ కోర్టుకు వెళ్ళడానికి ఒక సెక్షన్ అయినా ఉంది.

ఇంట్లో రెండో జీతం

కానీ అసలు విషయం భూమి కూడా కాదని నాకు నెమ్మదిగా అర్థమైంది. మా స్టాఫ్ రూమ్‌లో 26 మందిమి ఉండేవాళ్ళం. అందులో కనీసం ఇరవై మంది భర్తలు ఐటీలోనో, బ్యాంకులోనో ఉన్నారు. అనంతపురం నుంచి, కడప నుంచి, నెల్లూరు నుంచి పెళ్ళయి ఇక్కడికి వచ్చినవాళ్ళు. ఇంటికి దగ్గర, పిల్లలతో పాటే వెళ్ళి పిల్లలతో పాటే రావచ్చు, సొంత పిల్లకు ఫీజులో సగం మాఫీ. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్నట్టు ఈ జీతం ఉపయోగపడుతుంది. నేనూ వాళ్ళలో ఒకదాన్నే. మా ఇంటి అద్దె ఎప్పుడూ నా జీతంలోంచి కట్టలేదు.

దీని అర్థం ఏమిటంటే, ఆ బడి సరిపడా జీతం ఇవ్వకుండా నడవడానికి తోడ్పడింది మా ఆయన జీతం. ఇరవై ఇళ్ళ జీతాలు కలిసి ఆ స్కూలుకు ప్రతి నెలా చందా ఇచ్చినట్టు లెక్క. ఎవరూ రసీదు రాయలేదు గానీ జరిగింది అదే. అలాంటివాళ్ళు దొరుకుతున్నంత కాలం 24 వేలు "మార్కెట్ రేటు" అవుతుంది.

దెబ్బ తగిలేది మిగిలిన ఆరుగురికి. మా సైన్స్ సార్ ఒక్కడి జీతం మీద నలుగురు. ఒక సహోద్యోగిని ఒంటరిగా కొడుకును పెంచుకునేది. వాళ్ళకూ అదే 24 వేలు. ఫీజు మాఫీ విషయం చూడండి: 80,000లో సగం, అంటే నెలకు 3,333 రూపాయల విలువ. ఇద్దరు పిల్లలున్న టీచర్‌కు ఆ జీతం 30 వేలతో సమానం. పెళ్ళి కాని మా అక్క కూతురికి 24 వేలు 24 వేలే.

2020లో బడులు మూతపడినప్పుడు ఈ తేడా బాగా కనిపించింది. మాకు కొన్ని నెలలు సగం జీతమే ఇచ్చారు. నేను సర్దుకున్నాను. సైన్స్ సార్ సొంతూరు వెళ్ళి, మళ్ళీ తిరిగి రాలేదు. పిల్లలు చాలా రోజులు అడిగారు.

ఐటీతో పోలిక ఎక్కడ సరి, ఎక్కడ కాదు

మా బావ అసలు ఉద్దేశం ఏమిటంటే, ఎమ్మెస్సీ పిల్ల కోర్సు ఏదో చేసి సాఫ్ట్‌వేర్‌లోకి పోవచ్చు కదా అని. పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ చాలా ఏళ్ళుగా ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే ఉంది. నెలకు 29 వేలు. టీచర్ 24తో పోలిస్తే మొదటి రోజు తేడా అయిదు వేలే. తేడా తర్వాత పెరుగుతుంది. ప్రైవేట్ స్కూల్లో ఏడాదికి 5 శాతం పెరిగితే పదేళ్ళకు 39 వేలు. ఐటీలో 10 శాతం పెరిగితే 75 వేలు, మధ్యలో కంపెనీ మారితే ఇంకా పైన. కేంద్రీయ విద్యాలయ టీజీటీకి పదేళ్ళకు బేసిక్ ఒక్కటే 60,400 అవుతుంది, డీఏ, అద్దె భత్యం వేరే. చేరే రోజు అంకె కన్నా పదో ఏడు అంకె అడగాలి అని నేను అనేది ఇందుకే.

అయితే ఐటీ వైపు లెక్కలో కూడా ఒక రంధ్రం ఉంది. 2025లో టీసీఎస్ సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. 10 శాతం పెంపు అందరికీ, పదేళ్ళూ వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

టీచర్ జీతం వెనకబడడానికి ఒక లోతైన కారణాన్ని అమెరికా ఆర్థికవేత్త విలియం బామోల్ 1960లలో చెప్పాడు. నలభై ఏళ్ళ కింద ఒక టీచర్ నలభై మందికి చెప్పింది, ఇప్పుడూ నలభై మందికే చెప్తుంది. నాలుగు వందల మందికి చెప్తే అది చదువు కాదు. కానీ ఒక సాఫ్ట్‌వేర్ ఒకసారి రాస్తే కోటిమంది వాడతారు. ఒకచోట మనిషికింత అని వచ్చే ఉత్పత్తి పెరుగుతూ పోతుంది, ఇంకోచోట పెరగదు. పెరగని చోట కూడా జీతాలు పెంచకపోతే మంచివాళ్ళు వెళ్ళిపోతారు, పెంచితే ఫీజులో పన్నులో ఎవరో ఒకరు భరించాలి. మన దగ్గర ప్రభుత్వ బడిలో పన్ను భరిస్తోంది. ప్రైవేట్ బడిలో కొంత తల్లిదండ్రులు, కొంత టీచర్ ఇల్లు.

జీతం పెంచితే చదువు బాగుపడుతుందా

ఇక్కడ రెండు వాదనలూ గట్టివే, రెండింటికీ పరిశోధనలున్నాయి. ఆశ్చర్యం ఏమిటంటే వాటిలో ముఖ్యమైనవి మన తెలుగు పల్లెల్లోనే జరిగాయి.

ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2008 నుంచి నాలుగేళ్ళు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో లాటరీ తీసి కొంతమంది పిల్లలను ప్రైవేట్ బడులకు పంపారు. ఆ ప్రైవేట్ టీచర్ల జీతం ప్రభుత్వ టీచర్ జీతంలో ఆరో వంతు కన్నా తక్కువ. నాలుగేళ్ళ తర్వాత తెలుగులో, లెక్కల్లో రెండు రకాల పిల్లలకూ తేడా లేదు. హిందీలో ప్రైవేట్ పిల్లలు బాగా ముందున్నారు. "చూశారా, జీతానికీ చదువుకూ సంబంధం లేదు" అనేవాళ్ళు దీన్ని చూపిస్తారు. ఇండోనేషియా అనుభవం కూడా వాళ్ళ వైపే ఉంది. అక్కడ అర్హత సర్టిఫికెట్ ఉన్న టీచర్ల జీతం రెట్టింపు చేశారు. టీచర్ల అప్పుల బాధ తగ్గింది, రెండో ఉద్యోగం చేసేవాళ్ళు తగ్గారు, సంతృప్తి పెరిగింది. పిల్లల మార్కులు మాత్రం రెండు మూడేళ్ళ తర్వాత కూడా కదల్లేదు.

మురళీధరన్ వాళ్ళదే ఇంకో ప్రయోగంలో, అదీ ఆంధ్రలోనే, పిల్లలు ఎంత మెరుగైతే టీచర్‌కు అంత బోనస్ ఇచ్చారు. సగటున అది ఏడాది జీతంలో 3 శాతమే. రెండేళ్ళలో లెక్కల్లో, భాషలో పిల్లలు స్పష్టంగా ముందుకు వచ్చారు. ఎంత ఇస్తున్నాం అనేదాని కన్నా దేనికి ఇస్తున్నాం అనేది పనిచేసింది.

ఈ ఫలితాలను నేను కొట్టిపారేయను. కానీ ఇవన్నీ ఇప్పటికే బడిలో ఉన్న టీచర్ల మీద చేసినవి. జీతం బాగుంటే పదిహేనేళ్ళ తర్వాత ఎవరు బీఎడ్‌లో చేరతారు, తక్కువైతే ఎవరు చేరడం మానేస్తారు అన్నది రెండు మూడేళ్ళ ప్రయోగంలో తేలదు. ఆరో వంతు జీతానికి పల్లెలో దొరికిన టీచర్ ఎవరు? ఊరు దాటి ఉద్యోగానికి వెళ్ళలేని చదువుకున్న ఆడపిల్ల. ఆమెకు వేరే దారి దొరికిన రోజు ఆ లెక్క మారుతుంది. బెంగళూరులో అది అప్పుడే మారుతోంది, లెక్కలకూ ఫిజిక్స్‌కూ టీచర్ దొరకడం కష్టమవుతోంది.

2014లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి, మరో ఇద్దరు అమెరికాలో పది లక్షలకు పైగా పిల్లల రికార్డులు చూసి ఇంకో మాట చెప్పారు. అట్టడుగు 5 శాతంలో ఉన్న టీచర్ బదులు సగటు టీచర్ ఉంటే, ఒక తరగతి పిల్లల జీవితకాల సంపాదన మొత్తం మీద సుమారు రెండున్నర లక్షల డాలర్లు పెరుగుతుందని. అది అమెరికా అంకె, మనకు అతకదు. కానీ టీచర్ చేసిన పని విలువ ఆమె జీతంలో కాకుండా ఇరవై ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళ జీతాల్లో కనిపిస్తుందన్న సంగతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

చట్టం ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వదు

2023లో నేను మానేసినప్పుడు ఆఫీసులో గుమస్తా "టీచర్లకు గ్రాచ్యుటీ ఉండదు మేడమ్" అన్నాడు. గ్రాచ్యుటీ అంటే ఉద్యోగం మానేటప్పుడు పనిచేసిన ఏళ్ళ లెక్కన ఇచ్చే మొత్తం. ఆ గుమస్తా అబద్ధం చెప్పలేదు, పాత మాట చెప్పాడు. 2004లో సుప్రీంకోర్టు టీచర్లు ఆ చట్టం కిందికి రారని నిజంగానే తీర్పిచ్చింది. తర్వాత పార్లమెంటు 2009లో చట్టం మార్చి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తింపజేసింది. ప్రైవేట్ స్కూళ్ళు దాన్ని సవాలు చేస్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సవరణ సరైనదే అంది. నేను ఆ తీర్పు ప్రతి ప్రింట్ తీసి దరఖాస్తుకు జత చేశాను. అయిదు నెలలకు చెక్కు వచ్చింది.

ఎంత వస్తుందంటే, చివరి బేసిక్‌ను 26తో భాగించి, 15తో గుణించి, పనిచేసిన ఏళ్ళతో గుణించాలి. బేసిక్ 18,000, పదకొండేళ్ళు అయితే 1,14,230. అందుకే కొన్ని బడులు బేసిక్ తక్కువ చూపించి మిగతాది భత్యాలుగా రాస్తాయి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం భత్యాలు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కించాలి. గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగులకు ఏడాది పూర్తయితే గ్రాచ్యుటీ కూడా వాటిలో ఉంది.

చట్టం ఇవ్వనిది కూడా తెలియాలి. టీచర్ "వర్క్‌మన్" కాదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. ఫ్యాక్టరీ కార్మికుడిలా అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద లేబర్ కోర్టుకు వెళ్ళే దారి టీచర్‌కు లేకుండా పోయింది.

మదనపల్లె నుంచి చూస్తే

తెలుగువాళ్ళకు ఇక్కడ అదనపు చిక్కు ఉంది. కర్ణాటక ప్రభుత్వ బడుల్లో చాలావరకు పాఠం కన్నడలో చెప్పాలి. లిపి దగ్గరగా ఉంది కాబట్టి బస్సు బోర్డు వారంలో చదివేస్తాం, కానీ ఏడో తరగతికి బీజగణితం కన్నడలో చెప్పడం వేరు. ఆ దారి మనలో చాలామందికి మూసుకున్నట్టే. కేంద్రీయ, నవోదయ విద్యాలయాల దారి తెరిచే ఉంది, పోటీ దేశమంతటితో.

ఇంకో దారి డీఎస్సీ. ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి, ఓసీ వయోపరిమితి 44 ఏళ్ళు. వీటిలో 80 శాతం స్థానికులకే. మా అక్క కూతురు పది దాకా మదనపల్లెలోనే చదివింది, కాబట్టి అక్కడ లోకల్. బెంగళూరులో పుట్టి పెరిగిన నా కూతురు రేపు బీఎడ్ చేస్తే ఆమెకు రెండు రాష్ట్రాల్లోనూ దారి ఇరుకే. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు దీన్ని ముందే తెలుసుకోవడం మంచిది.

చిక్కల్లా డీఎస్సీ ఏటా రాదు. చాలామంది ప్రైవేట్ స్కూల్లో చేరి, సాయంత్రం చదువుకుంటూ నోటిఫికేషన్ కోసం ఎదురు చూస్తారు. 50 గంటల వారం తర్వాత ఆ చదువు ఎంత సాగుతుందో పైన లెక్క చూశారు కదా.

జీతం చీటీలో లేనిది

ఇంత రాసి, ఆ పిల్లకు వద్దనే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఎందుకో కూడా రాస్తాను.

ఆరో తరగతిలో ఒక కుర్రాడు 1/2కు 1/3 కలిపితే 2/5 అని రాసేవాడు. పైవి పైవి, కిందవి కిందవి కూడేసేవాడు. నాలుగుసార్లు పద్ధతి చెప్పాను, నాలుగుసార్లూ తల ఊపి మళ్ళీ అదే రాశాడు. అయిదోసారి పద్ధతి వదిలేసి, "2/5 అరకంటే ఎక్కువా, తక్కువా?" అని అడిగాను. కాగితం మడిచి చూసి "తక్కువ" అన్నాడు. "అరకు ఇంకొంచెం కలిపితే అరకంటే తగ్గుతుందా?" అన్నాను. చాలాసేపు పుస్తకం వైపే చూశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే రబ్బరు తీసుకుని తన జవాబు తనే చెరిపేశాడు. ఆ రోజు నుంచి ప్రతి లెక్కకూ చివర జవాబు సబబుగా ఉందా అని పక్కన చిన్న టిక్ పెట్టుకునేవాడు. పదకొండేళ్ళలో నేను అలాంటివి చాలా చూశాను. వాటికి ధర కట్టమంటే కట్టలేను, కానీ ధర లేదని కూడా ఒప్పుకోను.

అయితే దీన్ని చూపించి జీతం తగ్గించడం తప్పు. "మీది ఉద్యోగం కాదు, సేవ" అని ఇంక్రిమెంట్ మీటింగ్‌లో మాతో అన్నారు. అలా అన్నవాళ్ళ జీతం మాత్రం సేవ లెక్కలో ఉండదు. ఆ తృప్తి టీచర్ సంపాదించుకున్నది, యాజమాన్యం ఇచ్చింది కాదు.

అందుకే రెండో రోజు ఫోన్ చేసి మా అక్క కూతురికి అవును, కాదు అని చెప్పలేదు. స్కూలుకు ఒక మెయిల్ రాయించాను. 24,000లో స్కూలు పీఎఫ్ వాటా కలిసి ఉందా? ఏడాదికి పన్నెండు నెలల జీతమా? బేసిక్ ఎంత? వారానికి పీరియడ్లు ఎన్ని? గత మూడేళ్ళలో ఇంక్రిమెంట్ ఎంత ఇచ్చారు? ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గర పెట్టుకుంటారా? చివరిది నేను అనుభవంతో పెట్టించాను. నా బీఎడ్ సర్టిఫికెట్ మా స్కూలు బీరువాలో పదకొండేళ్ళు ఉంది.

నిన్న జవాబు వచ్చింది. పీఎఫ్ వేరుగా ఇస్తారట, పీరియడ్లు 32, బేసిక్ 14,000, సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇస్తారట. పన్నెండు నెలల జీతం గురించీ, ఇంక్రిమెంట్ గురించీ "జాయిన్ అయ్యాక మాట్లాడదాం" అని ఉంది. మళ్ళీ అడగమని చెప్పాను. సోమవారం లోపల నిర్ణయం చెప్పమన్నారు. ఆ పిల్ల ఆదివారం బస్సుకు టికెట్ తీసుకుంది, స్కూలు ఒకసారి కళ్ళారా చూసి, అక్కడి టీచర్లతో మాట్లాడి వస్తానంటోంది.